చూసి చేయడం, చేసి చూడడం

ఆయన ఇంట్లో లేరని తెలియగానే ఆమెకు ముందు కలిగింది ఊరట, ఆ వెంటనే ఆ ఊరటను చూసుకుని సిగ్గు. అట్టపెట్టె గుమ్మంలో దించేసి, బాబాయికి ఇచ్చెయ్యండి పిన్నీ, ఆఫీసులో మిగిలిపోయిన సామాన్లు అని ఒక్క మాట చెప్పి మెట్లు దిగిపోవచ్చు, బస్సులో వస్తున్నంతసేపూ మనసులో మనసుగా కోరుకున్నది ఇదే, కానీ పిన్ని అప్పటికే పెట్టెకు రెండో వైపు పట్టుకుని లోపలికి లాగేసింది. "ఎండలో పడి వచ్చావు, గుమ్మంలోంచే పోతావా? నాలుగున్నరకల్లా వచ్చేస్తానన్నారు, కూర్చో," అంది. గోడ గడియారం మూడు ముప్పై అయిదు చూపిస్తోంది. దాదాపు గంట. ఆసుపత్రి కంప్యూటర్ల విభాగంలో పదిహేనేళ్ళుగా ప్రోగ్రాములు రాస్తున్న మనిషి, గంట అంటే మూడు వేల ఆరువందల క్షణాలని లెక్క కట్టడం తప్ప ఇంకేం చెయ్యాలో తెలియక, కిటికీ పక్క కుర్చీ అంచున, లేచి పోవడానికి వీలుగా, సగం కూర్చుంది.

సగం కూర్చుంటే మాత్రం ఏం, గది మొత్తం ఆయనదే. చెప్పుల స్టాండులో ఆయన నల్ల బూట్లు, తొమ్మిది రోజులుగా తొడగనివి, పైన సన్నగా దుమ్ము. అలమరలో పాత స్విచ్‌బోర్డు చెవిగొట్టం ఒకటి, ఆసుపత్రి పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నది. ఇరవై ఆరేళ్ళు ఆయన ఆసుపత్రి టెలిఫోన్ ఆపరేటరు, ఎదురుగా నిలబడి పలకరించినా హలో అనే మొదలుపెట్టేవారు కాబట్టి అందరికీ హలోగారు, ఆమెకొక్కదానికే బాబాయి. స్విచ్‌బోర్డు ఎత్తేసి యంత్రం పెట్టినప్పుడు, యాభై రెండేళ్ళ మనిషిని ఏం చెయ్యాలో పాలుపోక కంప్యూటర్ల విభాగానికి పంపారు, అక్కడివాళ్ళకూ పాలుపోక ఆమె పక్క బల్లమీద కూర్చోబెట్టారు. మొదటి రోజు ఆయన కీబోర్డును చంటిపిల్లను ముట్టుకున్నట్టు ముట్టుకున్నారు. "నేర్పుతావా పంతులమ్మా? వయసు మీద పడ్డవాణ్ణి, మెల్లగా చెప్పాలి సుమా," అన్నారు, అంతే, ఆ రోజునుంచి ఆమె పంతులమ్మే అయిపోయింది. ఆ పిలుపు ఎంత ఇష్టంగా ఉండేదో తలుచుకుంటే ఇప్పుడు చెవులు కాలుతున్నాయి.

లూపుల దగ్గరే కదా ఆయన నెలరోజులు ఆగిపోయింది. ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించడమే లూపు బాబాయ్, ఇందులో బెంగ పడాల్సిందేమీ లేదు అని ఆమె ఎన్ని విధాల చెప్పినా ఆయన చూపు తెరమీద జారిపోయేది, చివరికి పుస్తకం మూసేసి, మీ స్విచ్‌బోర్డు గురించి చెప్పండి అని అడిగింది. ఏముంది, పొద్దున రాగానే నలభై లైన్లూ ఒక్కొక్కటి పెట్టి మోగుతోందో లేదో చూసేవాణ్ణి. ఒకటి నుంచి నలభై దాకా, ఎన్నిసార్లో ముందే తెలుసు కదా, అది ఫర్ లూపు. వార్డుకి ఫోను చేస్తే? అవతల ఎత్తేదాకా మోగించేవాణ్ణి. ఎన్నిసార్లు మోగాలో తెలియదు, ఎత్తలేదా అని చూసుకుంటూ మోగించడం, అది వైల్ లూపు. డాక్టర్లందర్నీ పిలవమంటే? జాబితా పట్టుకుని పేరు పేరునా. అది ఫర్ ఈచ్, లెక్కతో పనిలేదు, ఉన్నవాళ్ళందరికీ ఒక్కొక్కసారి. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అయితే ఇరవై ఆరేళ్ళు నేను చేసింది లూపులేనన్నమాట! ఎవరూ చెప్పనేలేదు," అన్నారు. ఇద్దరూ నవ్విన నవ్వుకి పక్క గదిలోంచి ఎవరో తొంగి చూశారు. ఇంకొకటి ఉంది, డూ వైల్ అని, అది ముందు పని చేసేసి తర్వాత చూస్తుంది, ఇంకా చెయ్యాలా అని. వైల్ చూసి చేస్తుంది, షరతు కుదరకపోతే ఒక్కసారి కూడా చెయ్యదు. డూ వైల్ చేసి చూస్తుంది, ఏమైనా సరే ఒక్కసారి చేసి తీరుతుంది. "అంటే నోరు జారాక, అనొచ్చా అని అడగడం. మా ఆవిడ పద్ధతి," అన్నారాయన, మరునాడు టిఫిను డబ్బా ఇవ్వడానికి వచ్చిన పిన్నికి ఆమే ఆ మాట మోసింది, పిన్ని మొగుడికి అందరి ముందూ మొట్టికాయ వేసింది. ఆ పిన్నే ఇప్పుడు వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తూ, నీకు పంచదార తక్కువే కదా అని అడుగుతోంది. గుర్తుపెట్టుకుంది.

పరీక్షకు రావలసిన రోగులకు ఫోను చేసే ప్రోగ్రాము హలోగారు ఒంటిచేత్తో రాసిన మొదటిది. రోగి పేరు చెప్పి, ఫలానా తేదీన తీసుకురండి, సరేనంటే ఒకటి నొక్కండి అని యంత్రం చెప్పాలి, నొక్కకపోతే గంట ఆగి మళ్ళీ చెయ్యాలి. రికార్డు చేసిన గొంతు కూడా ఆయనదే, అంత మంచి గొంతు ఇంకెవరికుందని. పేర్లన్నీ ఒక్కొక్కటే చదివి రికార్డు చేయించుకున్నారు, నాలుగు రోజులు, మధ్యమధ్య వేణ్ణీళ్ళు తాగుతూ. ఆయన రాసిన లూపు వైల్. ముందు రోగి వివరం చదవడం, రావలసి ఉన్నవాడా అని చూడడం, అయితేనే ఫోను చెయ్యడం, చేశాక మళ్ళీ వివరం చదవడం. చదివే వాక్యం రెండుచోట్ల ఉంది, లూపుకి బయట ఒకసారి, లోపల ఒకసారి. అంతే. అంతకన్నా అందులో వంక పెట్టడానికేమీ లేదు. కానీ ఆమెకు ఒకే వాక్యం రెండుచోట్ల కనబడితే చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్న మనిషిని చూసినట్టుంటుంది, సర్దందే చెయ్యి ఊరుకోదు. ఆ మంగళవారం మధ్యాహ్నం ఆయన పన్ను పీకించుకోవడానికి వెళ్తూ, "ఒక్కసారి చూసి పెట్టు పంతులమ్మా," అని కుర్చీ ఆమె వైపు తిప్పి వెళ్ళారు. ఆయన పేరుమీద తెరిచి ఉన్న తెరముందు, ఆయన దిండు ఆనుకుని, ఆమె నిమిషంన్నరలో లూపు తిరగేసింది. వైల్ తీసి డూ వైల్ పెట్టింది. ముందు ఫోను, తర్వాత వివరం, తర్వాత చూడడం. చదివే వాక్యం ఒక్కటే మిగిలింది, ఎంత శుభ్రంగా ఉందో అనుకుంది, నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగా కూడా అనుకుంది, పంతులమ్మ కదా. పరీక్షించడానికి పెట్టిన పది పేర్లూ బతికున్నవాళ్ళవే, పదీ సరిగ్గా మోగాయి. ఆయన బుగ్గ వాచి, నోట్లో దూది పెట్టుకుని తిరిగొచ్చి, కళ్ళతోనే ఎలా ఉంది అని అడిగారు. "బాగుంది బాబాయ్," అంది. మార్చానని చెప్పలేదు. మాట్లాడలేని మనిషితో ఇప్పుడెందుకు, రేపు చెబుదాం అనుకుంది, ఆ రేపు మరిచిపోయింది. అంతవరకు అది తప్పే, పాపం కాదు. అంతవరకు అని ఎన్నిసార్లు అనుకున్నా ఆ గీత దాటాక ఉన్నదంతా అలాగే ఉంది.

ఆ మరుసటి నెల ఒకటో తేదీ ఉదయం, జాబితాలో మరణించారు అని రాసి ఉన్న నలభై ఒక్కమంది ఇళ్ళకు యంత్రం ఫోను చేసింది. ఒక్కసారే. చేసి, తర్వాత చూసి, ఓహో మరణించారు అని బుద్ధిగా ఆగిపోయింది. డూ వైల్ అంతకంటే తప్పు చెయ్యదు, తక్కువా చెయ్యదు. మధ్యాహ్నానికి ఒక అమ్మాయి ఆసుపత్రికి వచ్చింది, అరవలేదు, అరిచి ఉంటే బాగుండేది, బల్ల ముందు నిలబడి మెల్లగా చెప్పింది. మా నాన్న పోయి ఆరు నెలలైందండీ, పొద్దున మా అమ్మ ఎత్తింది ఫోను, ఆయన పేరు చెప్పి తీసుకురండి అన్నారట, మా అమ్మ ఒకటి నొక్కింది. ఇప్పుడు ఇస్త్రీ చేసిన నాన్న చొక్కా మంచంమీద పరిచి కూర్చుంది, ఏ బస్సుకి వెళ్దామని అడుగుతోంది, ఏం చెప్పమంటారు? హలోగారు ఆ అమ్మాయికి రెండడుగుల దూరంలో నిలబడి, నోరు తెరిస్తే ఆ గొంతు గుర్తుపడుతుందేమోనని పెదాలు బిగబట్టుకున్నారు. పంతులమ్మ గోడ పక్కన నిలబడి, ఎలా జరిగి ఉంటుందా అని అప్పటికింకా నిజంగానే ఆశ్చర్యపోతోంది. ఆ సాయంత్రం, ఏ మార్పు ఎవరి పేరుమీద ఏ నిమిషంలో జరిగిందో కంప్యూటరు రాసుకునే చిట్టా తెరిచింది. మంగళవారం, ఒంటిగంట ఇరవై, హలోగారి పేరు. ఒంటిగంట ఇరవైకి హలోగారు పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నారు. చిట్టా మూసేసింది. మూసేసినప్పుడు తన చెయ్యి ఎంత నెమ్మదిగా, ఎంత మర్యాదగా కదిలిందో ఆమెకు ఇప్పటికీ కనబడుతుంది.

నాలుగో రోజు విచారణ. పొడుగాటి బల్ల, ఇన్‌చార్జి చేతిలో ఆ నలభై ఒక్క పేర్ల జాబితా, అందరికీ ఒక్కో కాపీ. వైల్ ఉండాల్సినచోట డూ వైల్ ఎవరు రాశారు, రికార్డులో మీ పేరే ఉందండీ అన్నారు ఇన్‌చార్జి. మంగళవారం అని చదివారు, దాని పక్కనున్న గంట ఎంతో ఎవరూ చదవలేదు. ఆమె నోరు తెరవబోయింది, తెరవబోయానని తొమ్మిది రోజులుగా తనకు తాను చెప్పుకుంటోంది, ఈలోగా ఆయనే, "నేనే అయ్యుంటానండీ. ఆ రెండింటి దగ్గర నాకు మొదట్నుంచీ తికమకే. పాపం ఈ అమ్మాయి ఎన్నిసార్లు చెప్పిందో," అన్నారు. పాపం ఈ అమ్మాయి అన్నారు. ఆయన గొంతు వణికితే ఆమె తన ముందున్న గ్లాసు ఆయన ముందుకు జరిపింది. నిజం చెప్పాల్సిన చోట మంచినీళ్ళు ఇచ్చింది! ఇంకో మూడు వారాల్లో విభాగానికి పెద్దగా ఆమె పేరే వెళ్తోందని అప్పుడు గుర్తుందా లేదా, ఉంది, ఎందుకు లేదు, ఒంట్లో ఎక్కడో దీపంలా వెలుగుతూనే ఉంది. పదవీ విరమణకు ఏడు నెలలుండగా ఆయన్ని రేపటినుంచి రావద్దన్నారు. మెడలో గుర్తింపు కార్డు తీస్తుంటే తాడు కళ్ళద్దాలకు చిక్కుకుంది, అది కూడా ఆమే విడదీసింది.

తర్వాత ఇక సాకులే. ఆయన వెళ్ళాక చెబుదాం, ఇన్‌చార్జి ఒక్కడే ఉన్నప్పుడు చెబుదాం, ఉత్తరం రాద్దాం, ఉత్తరమైతే సాక్ష్యం కదా నోటితోనే చెబుదాం, అయినా ఆయనకెలాగూ ఏడు నెలలే కదా. ఈ ఆఖరిది తట్టిన రోజు ఆమె అద్దంలో తల దువ్వుకోవడం మానేసి చాలాసేపు నిలబడింది. అమ్మ గుర్తొచ్చింది. అమ్మ ఒక పెద్ద కుట్టుదుకాణంలో బట్ట కత్తిరించేది, ఒకసారి ఎవరిదో పెళ్ళికోటు గుడ్డ జానెడు తక్కువ కత్తిరించేసి, యజమాని పక్కబల్ల ఆడమనిషిమీద ఎగురుతుంటే మిషన్ల చప్పుడు మించి అరిచింది, "దాన్నెందుకంటారు? కత్తెర నాది, చెయ్యి నాది!" అని. తను అప్పుడు పదేళ్ళ పిల్ల, బల్లకింద గుడ్డముక్కలు ఏరుకుంటోంది, అందరూ అమ్మవైపు చూస్తుంటే తలెత్తలేనంత నామోషీగా అనిపించింది. ఇన్నేళ్ళకు ఆ నామోషీ ఎవరిదో తెలిసింది. మొన్న ఫోనులో అమ్మే అడిగింది, ఆ హలో ఆయన్ని తీసేశారటగా, ఏం చేశాడే అని. ఏదో లూపులే అమ్మా, నీకు అర్థం కాదు అంది. అమ్మకు అర్థం కాదట.

పిన్ని టీ తెచ్చి ముక్కాలిపీట జరిపి పెట్టింది. ఎదురుగా కూర్చుని, చెప్పాలా వద్దా అన్నట్టు కొంగుకి చేతులు తుడుచుకుంటూనే ఉంది, తడి ఆరిపోయాక కూడా. "నువ్వు రావడం మంచిదైందమ్మా. నీతో కాక ఎవరితో చెప్పను. నువ్వు లేకపోతే ఆయన ఆ ఆరేళ్ళూ గుమాస్తాగా ఏ మూలో పడి ఉండేవారు. ఒక్కటి చూసి పెట్టవూ?" అని లోపలికెళ్ళి నోటుపుస్తకం ఒకటి తెచ్చి ఒళ్ళో పెట్టింది. బడిపిల్లలు రాసుకునే రూళ్ళ పుస్తకం. తెరిస్తే ఆయన గుండ్రటి అక్షరాలు. వైల్, అని రాసి కింద ఉప్పు చూసి వెయ్యడం అని ఉంది. డూ వైల్, ఉప్పు వేసి చూడడం. ఫర్, మెట్లు పద్ధెనిమిది, పద్ధెనిమిదిసార్లు కాలు ఎత్తడం. ఫర్ ఈచ్, తీగమీద ఆరిన బట్టలు ఒక్కొక్కటి తియ్యడం, ఎన్నున్నాయో ఎవరు లెక్కపెడతారు. లూపులో లూపు, గంటముల్లు ఒక అడుగు వేసేలోపు నిమిషాలముల్లు మొత్తం తిరిగి రావడం. పేజీ తరవాత పేజీ, ఒకే పాఠం, మొదటి రోజుల్లో ఆమె చెప్పిన వరసలోనే, తప్పు ఎక్కడ దొర్లిందో పట్టుకుందామని మొదట్నుంచీ మళ్ళీ తవ్వుకుంటూ వచ్చారు. పదకొండో పేజీలో ఆ ప్రోగ్రాము మొత్తం జ్ఞాపకంమీద రాశారు. వైలే రాశారు. చదివే వాక్యం రెండుచోట్లా ఉంది. ఒక్క అక్షరం పొల్లు పోలేదు. దానికింద వేరే సిరాతో, ఇది సరిగ్గానే ఉంది, నాకు రాసినట్టు గుర్తున్నది ఇదే, మరి అది ఎప్పుడు రాశాను? మంగళవారం పన్ను మందు మత్తులో రాశానా? రాసి మరిచిపోయానా? ఆ కింద ఇంకొక వాక్యం, మా నాన్నకూ ఈ వయసులోనే మొదలైంది.

"ఏం మొదలైంది పిన్నీ?" అంది, తెలిసీ. పిన్ని గొంతు తగ్గించింది, ఇంట్లో ఎవరూ లేకపోయినా. "మతిమరుపు. మామగారు చివరికి నన్ను కూడా ఎవరమ్మా నువ్వు అనేవారు. ఈయనకి అదే భయం పట్టుకుంది. పొద్దున లేవగానే ఇవాళ ఏ వారమో తను చెప్పి, కరెక్టేనా అని నన్నడుగుతారు. స్టవ్వు కట్టేశానా అని మూడుసార్లు వెళ్ళి చూస్తారు. ఊళ్ళోవాళ్ళ నంబర్లన్నీ నోటికొచ్చిన మనిషి, ఇప్పుడు తలుపుకి కాయితం అంటించుకున్నారు తాళంచెవి అని. ఇవాళ ఆ డాక్టరు దగ్గరికే వెళ్ళారు, జ్ఞాపకశక్తి పరీక్ష చేస్తాడట. నన్ను రావద్దన్నారు. ఆయన ఎక్కడ తప్పారో నువ్వు చూసి చెబితే, తప్పు తెలిస్తేనన్నా కుదుటపడతారేమో," అంది. టీ మీద మీగడ కట్టింది. ఆమె ఆ పేజీమీద వేలు పెట్టుకుని కూర్చుంది. ఉద్యోగం పోయిందని తెలుసు, పరువు పోయిందని తెలుసు, అవి రెండూ ఆమె లెక్కలో ఉన్నవే, ఏ రాత్రి ఎంత బరువుందో తెలిసినవే. ఇది లెక్కలో లేదు. తాను నోరు మూసుకున్న తొమ్మిది రోజులూ ఒక మనిషి తన బుర్రను తనే అనుమానిస్తూ, గడియారం చూసి వారం చూసి స్టవ్వు చూసి, ఉన్నానా పోయానా అని తడుముకుంటున్నాడు. లేచి పరిగెత్తాలనిపించింది. చెప్పుల వైపు చూసింది కూడా. ఆ చూడడం పిన్ని గమనించి, "వెళ్ళిపోతావా? టీ అయినా తాగలేదే," అంది. "లేదు పిన్నీ," అంది ఆమె. మూడు వేల ఆరువందల్లో ఎన్ని మిగిలాయో లెక్క తప్పింది. మెట్లమీద అడుగులు వినిపించాయి, ఆగుతూ, ఆగుతూ.

"హలో! పంతులమ్మే!" ఆయన మొహం నిజంగా వెలిగింది, అదే భరించలేకపోయింది. సన్నబడ్డారు. చొక్కా జేబులో డాక్టరు కాయితం మడిచి ఉంది. కూర్చుంటూనే, ఆడపిల్ల ముందు భార్య కంగారు పడకూడదన్నట్టు నవ్వుతూ చెప్పుకొచ్చారు, గడియారం బొమ్మ గియ్యమన్నాడు, గీశాను, వందలోంచి ఏడేడు తీసుకుంటూ పొమ్మన్నాడు, రెండు దాకా పోయాను, ఇంక ఏడు తియ్యడానికి లేదు నాయనా అన్నాను, అయిదు మాటలు చెప్పి అరగంటయ్యాక అడిగాడు, అయిదూ చెప్పాను. "బాగానే ఉందన్నాడు. అయినా తలకాయ ఫోటో తీయిద్దాం అన్నాడు. నేనే అడిగాను తియ్యమని. బాగున్నవాడు అలా ఎలా రాస్తాడమ్మా? రాసి, రాయలేదని ఎలా అనుకుంటాడు?" అన్నారు.

"మీరు రాయలేదు బాబాయ్."

అనేశాక ఆగే దారి లేదు. మంగళవారం అంది, పన్ను అంది, మీ కుర్చీలో కూర్చుని మీ పేరుమీదే మార్చాను అంది, చదివే వాక్యం రెండుసార్లు ఉందని, అందంగా లేదని. విచారణకు ముందే నాకు తెలుసు అంది. ఈ మాట చెప్పకుండా కూడా గడిచిపోయేది, ఇప్పుడే తెలిసిందని అనొచ్చు, ఆ సందు ఆమెకు కనిపించింది, ఎంత వెడల్పుగా కనిపించిందో, పదిహేనేళ్ళ అనుభవం కదా సందులు వెతకడంలో. దూరలేదు. ఆయన చేతిలోకి నోటుపుస్తకం తీసుకుని పదకొండో పేజీ తెరిచారు. "అయితే నాది ఇదేనా?" "ఇదే బాబాయ్. ఇదే సరైనది." "వైలే రాశానా?" "వైలే." ఆయన ఆ పేజీమీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నారు. "ఏమోయ్," అని పిలిచారు, పిన్ని అక్కడే నిలబడి ఉన్నా వంటింట్లో ఉన్నదాన్ని పిలిచినట్టు గట్టిగా, "నాకేం కాలేదోయ్! నేను బాగానే ఉన్నాను!" పిన్ని గోడకు ఆనుకుని ఏడ్చింది. ఆయన నవ్వుతూనే ఉన్నారు, ఆ నవ్వు మెల్లగా, కుళాయి కట్టేస్తే ధార సన్నబడి చుక్కలైనట్టు, ఆగిపోయింది. ఆమె వైపు తిరిగారు.

"ఆ రోజు నా పక్క కుర్చీలోనే కదూ కూర్చున్నావు?"

"అవును."

"మంచినీళ్ళిచ్చావు."

"అవును."

ఆయన నోటుపుస్తకం మూసి పక్కన పెట్టారు. తిట్టినా బాగుండేదని ఆమె అనుకోబోయి, ఆ కోరిక కూడా తన సుఖం కోసమేనని గుర్తుపట్టి ఊరుకుంది. పిన్ని కళ్ళు తుడుచుకుని, ముట్టని టీ గ్లాసు తీసుకుని లోపలికెళ్ళింది, ఇంకొకటి పెట్టనా అని అడగలేదు. ఆమె ఫోను తీసి, వాళ్ళిద్దరికీ వినబడేటట్టే ఇన్‌చార్జికి చేసి చెప్పింది. "ఇప్పుడిదంతా తవ్వడం దేనికమ్మా, సద్దుమణిగిపోయింది కదా," అన్నారు ఇన్‌చార్జి. తవ్వాలండీ, ఇవాళ రాతమూలకంగా పంపిస్తున్నాను, చిట్టాలో గంట చూడండి, ఆ గంటకు హలోగారు ఏ డాక్టరు దగ్గరున్నారో కూడా రాస్తాను అంది. విభాగం పెద్ద సంగతి ఇన్‌చార్జి ఎత్తలేదు, ఆమె అడగలేదు, ఆ దీపం ఎప్పుడు ఆరిందో చూసుకోలేదు. ఫోను పెట్టేసేసరికి హలోగారు అలమర సొరుగులోంచి మడతలు పడ్డ కాయితం ఒకటి తీసి ముక్కాలిపీట మీద సాపు చేస్తున్నారు. విచారణ రోజు అందరికీ ఇచ్చిన జాబితా. నలభై ఒక్క పేర్లు. కొన్నింటి పక్కన పెన్నుతో టిక్కులున్నాయి.

"రోజుకి ఒకరో ఇద్దరో, అంతకంటే నావల్ల కాలేదు," అన్నారాయన, జాబితానే చూస్తూ. "మనవల్ల తప్పు జరిగింది, క్షమించండి అని చెప్తున్నాను. గొంతు వినగానే కొందరు పెట్టేస్తున్నారు. ఒకావిడ, ఆ చొక్కా పరిచిన ఆవిడ, ఏ తారీకు అన్నారు బాబూ అని మళ్ళీ అడిగింది. పదహారైనాయి. ఇరవై అయిదున్నాయి." తొమ్మిది రోజులుగా ఆయన ఆమె తప్పుకి ఇంటింటికీ క్షమాపణ చెప్పుకుంటూ వస్తున్నారు, ఆ గొంతుతోనే. ఆమెకు అక్షరాలు అలుక్కుపోయాయి. "మిగతావి నేను చేస్తాను," అంది. "ఆ పదహారూ కూడా మళ్ళీ చేస్తాను. చేసింది నేనని చెప్తాను."

"ఇక్కడే చెయ్యండి," అన్నారాయన.

చెయ్యండి. ఆమె తలెత్తి చూసింది, ఆయన చూడలేదు. పదిహేడో పేరు, ఒక మగమనిషిది, పక్కన నంబరు. నొక్కింది. ఎత్తింది ఎవరో నడివయసు మనిషి, వెనకాల పిల్లల గోల. ఆసుపత్రినుంచండీ, ఒకటో తారీకున మీ ఇంటికొచ్చిన ఫోను గురించి, ఆ తప్పు చేసింది నేనండీ, ప్రోగ్రాములో మార్చింది నేనే, క్షమించమని అడగడానికి అని ఏ వరసలో చెప్పిందో ఆమెకే తెలియదు. అటునుంచి పిల్లల గోల ఆగిపోయింది, గదిలోంచి బయటికి నడిచినట్టున్నాడు.

"పోయింది మా అన్నయ్యండీ. ఆ రోజు ఫోను ఎత్తింది వాడి కూతురు. ఎనిమిదేళ్ళది. నాన్న బతికే ఉన్నాడు, ఆసుపత్రివాళ్ళే చెప్పారని వీధంతా చెప్పుకొచ్చింది," అన్నాడు. "మీరు క్షమించమని అడిగారు, సరే. ఏం చెయ్యమంటారు నన్ను?" అన్నాడు, జవాబు కోసం కాసేపు నిజంగానే చూశాడు, తర్వాత ఫోను పెట్టేశాడు.

ఆమె చెవి దగ్గర ఫోను అలాగే పట్టుకుని ఉంది. హలోగారు పదిహేడో పేరు పక్కన టిక్కు పెట్టి, కాయితం ఆమెకు కనబడేటట్టు తిప్పి, పద్ధెనిమిదో పేరు కింద వేలు పెట్టారు. పిన్ని వచ్చి లైటు వేసి వెళ్ళింది. ఆమె నంబరు నొక్కి, అటువైపు మోగుతుంటే, కుర్చీలో వెనక్కి జరిగి పూర్తిగా కూర్చుంది.